ఉల్లిపాయ, వెల్లుల్లి, పచ్చబారిన బంగాళదుంప: కుక్కకు ఏది ఎక్కువ ప్రమాదకరం?

వంటింట్లో రోజూ వాడే కూరగాయలలో కుక్కకు పడనివి ఏవని అడిగితే చాలామంది ఉల్లిపాయ పేరు చెబుతారు, కొందరు వెల్లుల్లిని కూడా చేరుస్తారు, బంగాళదుంప మాత్రం అరుదుగా గుర్తుకు వస్తుంది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. వాటి విషం పనిచేసే తీరు వేరు, తీసుకోవలసిన జాగ్రత్తా వేరు.

ఉల్లి, వెల్లుల్లి ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. వీటిలోని గంధక సమ్మేళనాలు కుక్క రక్తంలోకి చేరి ఎర్ర రక్తకణాలలోని హీమోగ్లోబిన్‌ను దెబ్బతీస్తాయి. అలా పాడైన కణాలు పగిలిపోవడమో, శరీరమే వాటిని తొలగించడమో జరిగి రక్తహీనత ఏర్పడుతుంది. బరువుకు బరువు చూస్తే వెల్లుల్లి ఉల్లి కంటే దాదాపు 3 నుంచి 5 రెట్లు ఘాటైన విషం. తన బరువులో 0.5 శాతానికి మించి ఉల్లిపాయను ఒకేసారి తిన్న జంతువులలో విష లక్షణాలు కనిపిస్తాయని పశువైద్యులు చెబుతారు. ఈ లెక్కన 10 కిలోల కుక్కకు 50 గ్రాములు, అంటే మధ్యరకం ఉల్లిపాయలో సగం చాలు. వెల్లుల్లి అయితే మూడు నాలుగు రెబ్బలే అంత పని చేయగలవు.

అయినా ఇంట్లో ఎక్కువగా భయపడవలసింది ఉల్లికేనని నా అభిప్రాయం. వంటలో వెల్లుల్లి రెబ్బలలో పడుతుంది, ఉల్లి మాత్రం కాయలకు కాయలు పడుతుంది. పైగా ఉడికించినా, వేయించినా దాని విషం పోదు కనుక గిన్నెలో మిగిలిన కూర పచ్చి ముక్క కంటే క్షేమమని అనుకోవడానికి వీలులేదు. ఈ రెండింటి పొడులలో నీరు ఉండదు కాబట్టి కొద్ది మోతాదులోనే ఎక్కువ విషం ఉంటుంది. రోజూ కొంచెం కొంచెంగా పెట్టినా హాని పోగవుతుంది. వెల్లుల్లి పెడితే గోమార్లు పోతాయని నమ్మి ఆహారంలో కలిపేవారు ఉన్నారు. దానికి గట్టి ఆధారం లేదు, ప్రమాదం మాత్రం నిజమే.

అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఆలస్యం. తిన్న రోజు వాంతులో విరేచనాలో అయి తగ్గిపోవచ్చు, లేదా ఏమీ కనిపించకపోవచ్చు. నీరసం, చిగుళ్లు పాలిపోవడం, వేగంగా ఊపిరి తీయడం, మూత్రం ఎర్రగా లేదా గోధుమరంగులో రావడం వంటివి కొన్ని రోజుల తర్వాతే బయటపడతాయి. దీనికి విరుగుడు మందు లేదు. తిన్న వెంటనే తీసుకువెళితే వైద్యుడు వాంతి చేయించగలడు, ఆలస్యమైతే రక్తం ఎక్కించవలసిన పరిస్థితి రావచ్చు. అందుకే లక్షణాల కోసం ఎదురుచూడకుండా, తిన్నదెంతో అంచనా వేసుకుని వెంటనే ఫోన్ చేయడం మంచిది. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం మాత్రం చేయకూడదు, ఎక్కువైతే ఉప్పే విషమవుతుంది.

బంగాళదుంప సంగతి వేరు. ఎండ తగిలి పచ్చబారిన తొక్కలోనూ, మొలకలలోనూ సోలనిన్ అనే విషం పేరుకుంటుంది, అది వాంతులు, విరేచనాలు, బలహీనత కలిగిస్తుంది, ఉడికించినంత మాత్రాన పోదు. పచ్చబారని దుంపను తొక్క తీసి, ఉప్పూ నూనే లేకుండా ఉడికించి కొద్దిగా పెట్టవచ్చు. టమాటా కూడా ఇంతే: బాగా పండిన కాయ కొద్దిగా అయితే ఫరవాలేదు, ఆకులు, కాడలు, పచ్చికాయలు పెట్టకూడదు.

కాబట్టి దుంపను చూసి, ఏరి పెట్టవచ్చు, ఉల్లి, వెల్లుల్లి విషయంలో మాత్రం క్షేమమైన రకం అంటూ ఏదీ లేదు, ఉల్లికాడలకూ ఇదే వర్తిస్తుంది. కుక్కకు కూరగాయ పెట్టాలనిపిస్తే క్యారెట్, బీన్స్, ఉడికించిన గుమ్మడి చాలు. ఇంటివంటలోంచే దాని వాటా తీయదలచుకుంటే, ఉల్లి, వెల్లుల్లి గిన్నెలో పడకముందే తీసి పక్కన పెట్టాలి.