ఇంటి ఖర్చుల సర్వే: డైరీ ఇవ్వాలా, అడిగి రాసుకోవాలా?

అనంతపురం పల్లెల్లో సర్వేకి దిగే ముందు తేల్చుకోవాల్సింది ఇదే: ఏ రోజు ఖర్చు ఆ రోజు రాయమని ఇంటివాళ్లకు డైరీ ఇవ్వాలా, మనమే వెళ్లి గడిచిన రోజుల ఖర్చు అడిగి రాసుకోవాలా?

ఖర్చు: అడిగి రాసుకుంటే చవక. డైరీ ఇస్తే మధ్యమధ్యలో వెళ్లి చూడాలి, పెట్రోలు తడిసి మోపెడవుతుంది.

శ్రమ: డైరీలో భారమంతా ఇంటివాళ్లదే. మొదటి రోజు కరివేపాకు కూడా రాస్తారు. వారం తిరిగేసరికి 'సరుకులు 500' అని తేల్చేస్తారు. చదువురాని ఇంట్లో అది బడికెళ్లే పిల్ల చేతికి పోతుంది. నాన్న బీడీల ఖర్చు ఆ పిల్లకేం తెలుసు?

తప్పులు: అడిగితే బయట తిన్న ఉగ్గాణి, బజ్జీ గుర్తుకు రావు. అందుకే ఎన్ని రోజుల లెక్క అడుగుతున్నామన్నది ముఖ్యం. 2022-23 జాతీయ సర్వేలో కూరగాయలు, గుడ్లు, మాంసానికి 7 రోజులు, బియ్యం, పప్పులకు 30, బట్టలకు 365 రోజుల లెక్క అడిగారు. ఇదివరకటిలా ప్రశ్నలన్నీ ఒకేసారి గుమ్మరించకుండా ఇంటికి మూడుసార్లు వెళ్లారు. నాకైతే ఇది మంచి మార్పే అనిపిస్తుంది.

అంగడి అప్పు రెండింటికీ తలనొప్పే. శనక్కాయలు అమ్మాక బాకీ తీర్చే ఇంట్లో, సరుకు వాడిన నెలలోనే లెక్కేయాలి.

పల్లెలు ఎక్కువ, బడ్జెట్ తక్కువైతే అడిగి రాసుకోండి. టౌనులో కొద్ది ఇళ్లే తీసుకుని, బయటి తిండి లెక్క పక్కాగా కావాలంటే డైరీ ఇవ్వండి, అదీ మనిషికొకటి.