సొంత టేపులా, పెద్ద కంపెనీయా: క్రిస్ లెడూ రెండు దారులు

జీను లేని గుర్రం మీద, ఒంటి చేత్తో పట్టు నిలుపుకుంటూ 8 సెకన్లు కూర్చోవాలి. అమెరికాలో పశుకాపరుల సాహస పోటీలైన రోడియోలో ఆ విభాగానికి 1976 ప్రపంచ విజేత క్రిస్ లెడూ. పోటీల ఖర్చుల కోసం తాను రాసుకున్న పాటలను టేపులుగా చేసి, రోడియో మైదానాల దగ్గర తానే అమ్మేవాడు. రికార్డుల వ్యవహారం తల్లిదండ్రులు చూసుకునేవారు. 1989 నాటికి అలా 22 ఆల్బమ్‌లు! పేరు మాత్రం రోడియో లోకం దాటలేదు. కానీ ఏం పాడాలో చెప్పేవారు ఎవరూ లేరు. కొన్నవాళ్లూ ఆ దుమ్ములో తిరిగినవాళ్లే.

అదే ఏడాది, అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతం పాడే గార్త్ బ్రూక్స్ తన తొలి పాటలో లెడూ పాత టేపును ప్రస్తావించాడు. దాంతో లెడూకు పెద్ద రికార్డుల కంపెనీ తలుపు తెరుచుకుంది. 1992లో ఇద్దరూ కలిసి పాడిన పాట కంట్రీ పాటల ఆదరణ జాబితాలో మొదటి పదిలోకి చేరింది. పెద్ద వేదికలు, దేశమంతటా శ్రోతలు వచ్చారు.

నా మొగ్గు టేపుల కాలానికే. గుర్రం మీద నుంచి పడిన నొప్పి ఇంకా తగ్గని మనిషి గొంతు అందులో ఉంటుంది. రెండో దారి లేకపోతే ఆ గొంతు నా దాకా వచ్చేదే కాదన్నదీ నిజం. పేరొచ్చాక కూడా ఆయన కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌కు మారిపోలేదు. 2005లో కన్నుమూసే వరకు వయోమింగ్ రాష్ట్రంలోని కేసీ అనే ఊరి దగ్గర పశువుల క్షేత్రమే ఆయన ఇల్లు.