వాకర్ కొనే ముందు ఇది చదవండి

పాపకు ఎనిమిదో నెలలో వాకర్ కొన్నాం, నల్గొండ ప్రకాశం బజార్‌లో, 1,650 రూపాయలు. అసలు కారణం పక్కింటి బాబు. మా పాపకంటే పన్నెండు రోజులు చిన్నోడు, అప్పటికే మంచం కోడు పట్టుకుని నిలబడుతున్నాడు, మాదేమో బోర్లా పడి పొట్ట మీదే గుండ్రంగా తిరుగుతోంది. "ఇంకా పాకట్లేదా?" అని అడగని మనిషి మా వీధిలో లేదు. నాకు ఒకటే టెన్షన్.

వస్తువుగా బాగానే ఉంది. ప్లాస్టిక్ గట్టిది, ఎత్తు మార్చుకోవచ్చు, సీటు బట్ట తీసి ఉతకొచ్చు. పాటల సెల్లు మాత్రం రెండో రోజే పీకేశాను. పాపకు మహా సంబరం, ఇల్లంతా తిరిగేది, నాకు కూడా స్థిమితంగా పోపు వేసుకునే టైం దొరికింది, అబద్ధం ఎందుకు.

కానీ కూర్చుని చూస్తే, అది నడవట్లేదు, మునివేళ్లతో నేలను తన్నుతోంది అంతే. బరువంతా సీటు మోస్తుంది, తన కాళ్లు తనకే కనబడవు, పడిపోకుండా ఆపుకునే పని ఒంటికి లేనే లేదు, మరి నేర్చుకోవాల్సింది అదే కదా. పైగా ఆ స్పీడు! మాది పాత ఇల్లు, వాకిట్లోకి రెండు మెట్లు దిగాలి. ఓ సాయంత్రం నేను లేచేలోపే ముందు చక్రాలు మెట్టు దాటేశాయి, మా ఆయన అడ్డం పడి పట్టుకున్నాడు. ఆయన మోచెయ్యి చీరుకుపోయింది, పాప నవ్వుతోంది.

తొమ్మిదో నెల తట్టు టీకాకి వెళ్లినప్పుడు డాక్టరమ్మకు చెప్తే ముందు వాకర్ తీసెయ్యమంది. కెనడాలో 2004 నుంచి వీటి అమ్మకమే నిషేధం, వాడినవి కూడా అమ్మకూడదు. ఇక నడక సంగతి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల పిల్లల్ని చూసి (మన ఢిల్లీ పిల్లలు కూడా ఉన్నారందులో) ఎనిమిది నెలల నుంచి పదిహేడున్నర నెలల మధ్య ఎప్పుడు సొంతంగా నడిచినా మామూలే అని తేల్చింది, కొందరైతే అంబాడకుండానే లేచి నడుస్తారట. తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోయినా, పద్దెనిమిది నెలలకీ నడవకపోయినా చూపించాలి. అంగన్వాడీ టీచర్ ఇచ్చిన తల్లీబిడ్డల కార్డులో ఏ నెలకు ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంది, నేనే బీరువాలో పెట్టి మర్చిపోయాను.

అప్పటినుంచి చాప పరిచి నేల మీదే వదిలాం. స్టీలు గిన్నె కాస్త దూరంగా పెడితే దానికోసం పొట్ట ఈడ్చుకుంటూ పోయేది, పదో నెలలో అంబాడింది. నిలబడటం వచ్చాక మా అమ్మ హాలియాలో వడ్లాయనతో మూడు చక్రాల చెక్క బండి చేయించి తెచ్చింది, 600 రూపాయలు. దీన్ని వెనక నిలబడి తోయాలి, కాబట్టి బరువు తన కాళ్ల మీదే. మొదట్లో బండి ముందుకు జారిపోతుంటే చక్రాలకు పాత గుడ్డ చుట్టాం. దీనికీ పక్కన మనిషి ఉండాల్సిందే, మెట్లు దీనికీ మెట్లే.

పదమూడో నెల దాటాక ఓ పొద్దున బండి వదిలేసి నాలుగు అడుగులు వేసింది. అత్తమ్మ ఆ రోజే అరిసెలకు బియ్యం నానబోసింది. పక్కింటి బాబు ఇంకా మంచం కోడు దగ్గరే ఉన్నాడు, వాళ్లమ్మకు నేనేం అనలేదులెండి.

వాకర్‌కు ఒక స్టార్, అది కూడా ఉతకడానికి వచ్చే ఆ బట్టకు. ఇంకొకరికి అమ్మడానికి మనసొప్పక సజ్జ మీద పడేశాం. చెక్క బండికి నాలుగు, ఒక చక్రం ఎంత నూనె పోసినా కిర్రుమంటోంది.