వేగుచుక్క చూడాలంటే గండికోటా, హార్స్‌లీ కొండలా?

తెల్లవారుజాము ఆకాశం కోసం ఊరు ఎంచుకునేటప్పుడు అన్నిటికంటే ముందు ఆ ఊరికి తూర్పున ఏముందో చూసుకోవాలి. హైదరాబాద్ వాళ్లం అందరం వికారాబాద్ అనంతగిరికే పరిగెడతాం. కానీ హైదరాబాద్ దానికి తూర్పునే ఉంది, వేగుచుక్క, అదే శుక్రుడు, లేచే వైపే నగరం వెలుగంతా. లంబసింగి సంగతి సరేసరి, చలికాలం పొగమంచులో పక్కనున్న మనిషే కనపడడు. అందుకే 2022 ఫిబ్రవరి ఆఖర్లో, శివరాత్రికి ముందు, రాయలసీమ దారి పట్టాం. అమావాస్య దగ్గర పడుతుంది కాబట్టి వెన్నెల బెడద తక్కువ, వానలుండవు, ఎండలింకా ముదరవు.

ముందు గండికోట. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. హరిత హోటల్లో రూము దొరక్క ఒక ప్రైవేటు టెంట్లలో దిగాం. టెంటు శుభ్రంగా ఉంది, రాగిసంకటి, నాటుకోడి పులుసు అదిరిపోయాయి. బోర్డు మీద ‘స్టార్ గేజింగ్’ అని కూడా రాశారు. తీరా చూస్తే అర్ధరాత్రి దాకా పాటలు, తెల్లవార్లూ ఫ్లడ్ లైట్లు. ఆర్పమంటే, "ఆర్పితే పాములొస్తాయి సార్" అన్నాడు అక్కడి కుర్రాడు. అదీ నిజమే, ఏమంటాం! చీకటికి అలవాటు పడ్డ కళ్లు చెదరకుండా టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుని లోయవైపు నడిచాం. అంచున అన్నిచోట్లా కంచె లేదు, పిల్లలతో వెళ్లేవాళ్లు చీకట్లో ఆ సాహసం చేయొద్దు.

27 ఆదివారం, నాలుగున్నరకల్లా శుక్రుడు ధగధగా మెరుస్తున్నాడు. కింద కుడివైపున మసక ఎర్రగా కుజుడు, ఇంకాస్త కుడికి చిక్కిపోయిన చంద్రవంక. దిగువన మాత్రం జమ్మలమడుగు, దాని వెనక ప్రొద్దుటూరు వెలుగు పరుచుకుని ఉంది. బుధుడు బైనాక్యులర్‌లో గానీ చిక్కలేదు.

ఉపగ్రహాల కోసమైతే తూర్పు వదిలేసి నడినెత్తికి చూడాలి. తెల్లవారుజామున భూమి నీడ పడమటి వైపు ఉంటుంది. పడమర నుంచి వచ్చే ఉపగ్రహం ఆ నీడ దాటగానే, ఏమీ లేనిచోట చుక్క పుట్టినట్టు వెలిగి, ఆగకుండా తూర్పుకి సాగిపోతుంది. విమానంలా మిణుకుమనదు. మేం చూసిన ఒకదాని పేరు యాప్ చెప్పేలోగా అది దాటిపోయింది. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే స్పేస్ స్టేషన్ అయితే ఎవరూ చెప్పక్కర్లేదు, అంత వెలుగు. ఏ రోజు ఎన్నింటికి వస్తుందో నాసా ముందే చెబుతుంది. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు కక్ష్య భూమధ్యరేఖకి 28.5 డిగ్రీలే వంగి ఉంటుంది కాబట్టి అది మన నెత్తిమీదుగానే పోతుంది, ఉత్తర ఐరోపా వాళ్లకి ఆ భాగ్యం లేదు.

మర్నాటి తెల్లవారుజాముకి హార్స్‌లీ కొండల మీదున్నాం. మదనపల్లె నుంచి ఘాట్ రోడ్డు. ఎత్తు 1,200 మీటర్లు దాటుతుంది. ఏపీ టూరిజం రిసార్ట్‌లో రూము పాతదే గానీ వేడినీళ్లు వచ్చాయి, దుప్పట్లు అడక్కుండానే ఇచ్చారు. రాత్రే చెప్పి పెట్టుకున్నాం కాబట్టి వాచ్‌మన్ నాలుగింటికి గేటు తీశాడు, మా వైపు లైటు కూడా ఆర్పాడు. రూముల చుట్టూ చెట్లే, గది ముందు కూర్చుని చూస్తానంటే కుదరదు. బండల మీదికి నడవాలి, గాలి కోసేస్తుంది, మంకీ క్యాప్ ఉండాల్సిందే. ఆగ్నేయాన మదనపల్లె దీపాలు కనిపిస్తాయి, కానీ అవి మన కాళ్ల కింద ఉంటాయి. దుమ్ము పొర కూడా దిగువనే ఆగిపోతుంది. ఇక్కడ బుధుడు వట్టి కళ్లకే కనపడ్డాడు, దగ్గర్లోనే శని బైనాక్యులర్‌లో చిక్కాడు.

లోయ అందం, తిండి గండికోటవే. ఆకాశానికైతే నా ఓటు హార్స్‌లీకే. రెండిటి మధ్యా సగం పూట ప్రయాణం ఉంటుంది, పగలే కానివ్వండి. బుక్ చేసేటప్పుడు ఏసీ గురించి కాదు, రాత్రి లైట్లు ఆర్పుతారా, నాలుగింటికి గేటు తీస్తారా అని ఫోన్ చేసి అడగండి.