ఒత్తులు కోసేసే పోర్ట్‌ఫోలియో: చాన్నాళ్ళు వాడాక నా సమీక్ష

పుస్తకాలకు అట్టలు వేయడం, టైటిల్ అక్షరాలు చేత్తో రాయడం నా పని. ఏ ఆఫీసులోనూ ఉద్యోగం లేదు కాబట్టి చేసిన పని చూపించుకోవడానికి సొంత సైటు తప్పనిసరి. కోడింగ్ రాకపోయినా బొమ్మలు లాగి పెట్టుకుంటే పేజీ తయారయ్యే బిల్డర్ ఒకటి చాలాకాలంగా డబ్బు కట్టి వాడుతున్నాను. దాని పేరు చెప్పడం లేదు. ఇంగ్లీషు అక్షరాల కొలతతో చేసిన టెంప్లేట్ (ముందే తయారుచేసి ఇచ్చే పేజీ నమూనా) ఏదైనా ఇలాగే ఇబ్బంది పెట్టగలదు, ఒక్కరి మీదే నింద వేయడం నాకిష్టం లేదు.

ఎన్ని టెంప్లేట్లు, ఎంత స్టోరేజీ లాంటివి వాళ్ళ పేజీలోనే దొరుకుతాయి. నేను చెప్పేది ఒక్క విషయం: ఆ సైటులో తెలుగు హెడ్డింగు ఎలా కనిపిస్తుంది అన్నది. తెలుగు అక్షరం మీద బతికేదాన్ని, నాకు మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు బాగున్నవి చెప్తాను. గ్యాలరీ నిజంగా బాగుంటుంది. డెమీ సైజు అట్ట, క్రౌన్ సైజు అట్ట, పిల్లల పుస్తకాల అడ్డం సైజు అట్ట, అన్నీ ఒకే పేజీలో పెట్టినా దేని అంచూ కోయకుండా సర్దుతుంది. అంతకుముందు వాడిన ఉచిత సైటు ప్రతి అట్టనీ చదరంగా కత్తిరించేది, రచయిత పేరు సగం ఎగిరిపోయేది. రెండోది, పాస్‌వర్డ్ పేజీ. డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలు ఉంటాయి కాబట్టి దసరా దాటినప్పటి నుంచీ నా చేతిలో ఉండేవన్నీ ఇంకా విడుదల కాని అట్టలే. వాటిని అందరికీ చూపించకూడదు. కొత్తగా పని ఇద్దామనుకునేవాళ్ళేమో "ఈ మధ్య ఏం చేశారు?" అనే అడుగుతారు. ప్రచురణకర్త ఒప్పుకున్న అట్టల్ని తాళం వేసిన పేజీలో పెట్టి, లింకూ పాస్‌వర్డూ వాట్సాప్‌లో పంపేస్తాను. దీనివల్ల నాకు మంచి పనులే వచ్చాయి. అందుకే మొదట్లో ఏ సైటు మంచిదని ఎవరు అడిగినా దీన్నే చెప్పేదాన్ని.

గొడవ టెంప్లేట్ అప్‌డేట్‌తో మొదలైంది. కొత్త లుక్ వచ్చిందని ఈమెయిల్ వచ్చింది, మనం ఒప్పుకోవాల్సిన బటన్ ఏదీ లేదు, సైటు దానంతటదే మారిపోయింది. ల్యాప్‌టాప్‌లో చూస్తే బాగానే ఉంది. తర్వాత ఒక సాయంత్రం విజయవాడ నుంచి ఒక ప్రచురణకర్త ఫోన్ చేశారు. ఆయన సీసపు అక్షరాల కాలంలో ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. అప్పట్లో ఒత్తులు విడి అచ్చులుగా ఉండేవి. కంపోజిటర్ ఒక్కొక్కటీ ఏరి పేర్చాలి, ఒకటి తప్పిపోతే ప్రూఫులోనే పట్టుకోవాలి. అలాంటి మనిషి కంట్లో ఏదీ పడకుండా పోదు.

"ఏమ్మా, మీ పేజీలో ఒత్తులన్నీ తెగిపోయి ఉన్నాయి. నా ఫోన్‌లోనే ఇలా వస్తోందా, అందరికీ ఇంతేనా?" అన్నారు. గొంతులో కోపం లేదు. ఆ వెంటనే అన్న మాట మాత్రం బాగా గుచ్చుకుంది. "మా సంపాదకుడికి కూడా లింకు పంపాను. రేపు అట్ట మీద కూడా ఇలాగే వస్తే ఎలాగండీ అంటున్నాడు."

ఫోన్‌లో తెరిచి చూశాను. పైన పెద్దక్షరాల్లో 'పుస్తకాల అట్టలు' అని ఉండాలి. 'స్త' కింద త ఒత్తు పైభాగం మాత్రం కాస్త మిగిలింది. 'ట్ట' కింద ఒత్తు సగానికి కోసేసి ఉంది. దాని కింది హెడ్డింగు 'చేతిరాత టైటిళ్ళు'. అందులో ళ ఒత్తు లేనేలేదు. చూసినవాళ్ళు 'పుసకాల అటలు' అని చదువుకోవాల్సిందే. బాపు గారి చేతిరాత చూసి అక్షరం మీద ప్రేమ పెంచుకున్నదాన్ని, ఒక్కో ఒత్తు వంపు కోసం గంటలు కూర్చునేదాన్ని. నా పేరు కింద అది చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కారణం తర్వాత తెలిసింది. కొత్త లుక్‌లో హెడ్డింగు కింద నుంచి పైకి తేలి వచ్చే యానిమేషన్ పెట్టారు. దానికోసం హెడ్డింగు చుట్టూ కనిపించని పెట్టె ఒకటి ఉంటుంది, ఆ పెట్టె గీత దాటిన భాగాన్ని బ్రౌజర్ చూపించదు. పెట్టె ఎత్తు ఇంగ్లీషు పెద్దక్షరాలకు సరిపోయేలా బిగించేశారు. ఇంగ్లీషులో కిందికి దిగేవి జీ, వై లాంటి చిన్నక్షరాల తోకలే, అంతే. తెలుగులో గుడి, ఏత్వం పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి, 'రాష్ట్రం' లాంటి మాటలో ఒకే అక్షరానికి రెండు ఒత్తులు కూడా ఉంటాయి. మన అక్షరానికి పైనా కిందా చోటు కావాలి. అది చాలదన్నట్టు, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ కూడా పెంచారు. ఇంగ్లీషు పెద్దక్షరాలకు ఆ ఖాళీ అందంగానే ఉంటుంది. తెలుగు మాట మాత్రం ముక్కలు ముక్కలుగా విడిపోయి, కొన్ని ఫోన్లలో ఒత్తు తన అక్షరాన్ని వదిలేసి పక్కకు జరిగిపోయింది.

సపోర్ట్ చాట్‌లో చెప్పాను. స్క్రీన్‌షాట్ పంపమన్నారు, పంపాను. "మా వైపు అంతా సరిగ్గానే కనిపిస్తోంది" అని జవాబు వచ్చింది. మాట్లాడిన మనిషి మర్యాదగానే మాట్లాడారు. కానీ అక్షరం కింద ఏముండాలో తెలియనివాళ్ళకు ఏం పోయిందో ఎలా తెలుస్తుంది? సరైనదీ తెగినదీ పక్కపక్కన పెట్టి, పోయిన ప్రతి ఒత్తు చుట్టూ ఎర్ర గీత గీసి మళ్ళీ పంపాను. టీమ్‌కి చెప్తామన్నారు. ఇప్పటిదాకా ఇంకేమీ రాలేదు.

కొన్నాళ్ళు హెడ్డింగులన్నీ చేత్తో రాసి బొమ్మలుగా పెట్టాను. చూడ్డానికి నిజంగా బాగుండేవి, చాలామంది మెచ్చుకున్నారు కూడా. అయితే బొమ్మలో ఉన్న తెలుగును సెర్చ్‌లో దొరుకుతుందని నమ్మలేం. డల్లాస్‌లో ఉండే ఒక రచయిత్రి తన కథల సంపుటికి అట్ట వేసేవాళ్ళ కోసం గూగుల్‌లో తెలుగులోనే టైప్ చేసి వెతికి నా దగ్గరికి వచ్చారు. అలా వచ్చే దారి మూసుకోవడం నాకిష్టం లేదు. పైగా చూపు లేనివాళ్ళకు ఫోన్ చదివి వినిపించాలంటే ప్రతి బొమ్మకీ విడిగా వివరణ రాయాలి. అక్షరం అక్షరంగానే ఉండాలి.

చివరికి పై ప్లానుకు మారాను. సొంత సీఎస్ఎస్ (పేజీ ఎలా కనిపించాలో చెప్పే కోడ్) రాసుకునే పెట్టె అందులోనే ఉంది. నేను కట్టే డబ్బు దాదాపు రెట్టింపైంది. మా పిన్ని కొడుకు గచ్చిబౌలిలో వెబ్ డెవలపర్. చూసి, "అక్కా, ఇది మూడు లైన్ల పని" అన్నాడు. లైన్ల మధ్య దూరాన్ని (లైన్ హైట్) 1.6 చేశాడు, అక్షరాల మధ్య ఖాళీ సున్నా చేశాడు, పెట్టె దాటిన భాగాన్ని కోయొద్దని రాశాడు. ఫోన్‌లో పేజీ మళ్ళీ తెరిచేసరికి 'ట్ట' కింద ఒత్తు పూర్తిగా, నిండుగా కనిపించింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కోపం కూడా అక్కడే వచ్చింది. తెలుగు మాట తెలుగులా కనిపించడానికి కావాల్సిన మూడు లైన్లను పై ప్లాను వెనక దాచడం అన్యాయం. ఫాంటు సైజు మార్చుకునే చోటే లైన్ల మధ్య దూరం మార్చుకునే వీలు కూడా అందరికీ ఇవ్వొచ్చు.

అదే సీఎస్ఎస్ పెట్టెతో ఫాంట్ల సమస్య కూడా తీరింది. టెంప్లేట్ ఫాంట్లలో తెలుగు లేదు కాబట్టి చూసేవాళ్ళ ఫోన్‌లో ఏ తెలుగు ఫాంటు ఉంటే అది వచ్చేది. ఆండ్రాయిడ్‌లో నోటో, విండోస్‌లో నిర్మలా, ఐఫోన్‌లో కోహినూర్, ఒకే పేజీ ముగ్గురికి మూడు రకాలుగా. ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే సిలికానాంధ్ర సంస్థ ఫాంట్లు పెట్టుకున్నాను. హెడ్డింగులకు రామభద్ర, చదివే భాగానికి మండలి. రామభద్ర బరువు నాకు భలే ఇష్టం, అట్ట మీద టైటిల్‌లా నిలబడుతుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ప్రచురణకర్తలు పంపే వెనక అట్ట మాటర్ చాలాసార్లు అను ఫాంట్లలో ఉంటుంది, అది ఫోన్లూ సైట్లూ వాడే యూనికోడ్ పద్ధతి కాదు. సైటులో నేరుగా పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులే వస్తాయి, ముందు కన్వర్ట్ చేసుకోవాలి. ఇందులో సైటు తప్పేమీ లేదు.

పైన పొగిడిన వాటి గురించి కూడా కొంచెం చెప్పాలి. గ్యాలరీ అంచులు కోయదు, నిజమే. కానీ బొమ్మను బాగా నొక్కేస్తుంది, సన్నటి కలం గీతల దగ్గర మసక కనిపిస్తుంది. ప్రింటు కోసం చేసిన సీఎంవైకే (అచ్చు రంగుల) ఫైలు నుంచి విడిగా తెర రంగుల ఎస్ఆర్‌జీబీ కాపీ తీసి ఎక్కించకపోతే కుంకుమ ఎరుపు కాస్తా వేరే రంగులా కనిపిస్తుంది. పాస్‌వర్డ్ పేజీ ఇప్పటికీ వాడుతున్నాను, అయితే ఆ పేజీ తెరిచినవాళ్ళు బొమ్మ అడ్రసు కాపీ చేసి ఇంకొకరికి పంపితే పాస్‌వర్డ్ లేకుండానే తెరుచుకుంటుంది. అందుకని చాలా గుట్టుగా ఉంచాల్సిన అట్టలు అందులో పెట్టడం మానేశాను. వాట్సాప్‌లో లింకు పంపినప్పుడు వచ్చే చిన్న కార్డు మాత్రం మొదటి నుంచీ చక్కగా ఉంది. అక్కడ తెలుగును చూపించేది ఫోన్ సొంత ఫాంటు కాబట్టి ఒక్క ఒత్తు కూడా తెగదు.

మరి తీసుకోవచ్చా అంటే, మీరు చేసే పనిని బట్టి ఉంటుంది. ఫొటోగ్రాఫర్లు, వీడియో ఎడిటర్ల పేజీలో పేరూ నంబరూ తప్ప పెద్దగా తెలుగు ఉండదు, వాళ్ళకు కింది ప్లాను హాయిగా సరిపోతుంది. ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్ళు డిజైనర్లు తమ పనులు చూపించుకునే సైటు బిహాన్స్‌లో ఉచితంగా పెట్టుకుని, డబ్బులు వచ్చాక ఆలోచించొచ్చు. సినిమా పోస్టర్లు చేసే స్నేహితులకు పనులు ఇన్‌స్టాగ్రామ్‌లోనే వస్తున్నాయి, వాళ్ళకు నేను సైటు గురించి గట్టిగా చెప్పలేను. నాకు ప్రచురణకర్తలు, పెద్ద వయసు రచయితలు ఎక్కువ, వాళ్ళు లింకు తెరిచి నింపాదిగా చదువుతారు. పైగా సీఎస్ఎస్ చూసిపెట్టడానికి ఇంట్లో ఒక తమ్ముడున్నాడు. అందరికీ ఆ వీలు ఉండదు.

ఏ బిల్డర్ తీసుకున్నా, ట్రయల్‌లో ఉన్నప్పుడే 'రాష్ట్రం', 'స్త్రీ', 'జ్యోత్స్న', 'టైటిళ్ళు' అని పెద్ద హెడ్డింగులో టైప్ చేసి, ల్యాప్‌టాప్‌లో కాకుండా మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో చూడండి. కుదిరితే ఐఫోన్‌లో కూడా చూడండి. కార్డు నంబర్ ఇచ్చేది ఆ తర్వాతే. నా రెన్యూవల్ మార్చిలో ఉంది. అప్పటికి కింది ప్లానులో లైన్ల మధ్య దూరం మార్చుకునే వీలు తెస్తే కిందికి దిగిపోతాను, లేకపోతే ఇంకో ఏడాది ఇదే కడతాను.