నాలుగేళ్లుగా వాడుతున్న నా హైడ్రోజన్ సెల్

పదో తరగతి పిల్లలకు రసాయన శాస్త్రం చెబుతాను. నీటి విద్యుద్విశ్లేషణ, అంటే కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టే ప్రయోగం, పాఠ్యపుస్తకంలోనే ఉంది: ప్లాస్టిక్ మగ్గు అడుగున రెండు బెజ్జాలు, రబ్బరు బిరడాలు, కార్బన్ కడ్డీలు, 6 వోల్టుల బ్యాటరీ, కడ్డీల మీద బోర్లించిన రెండు పరీక్షనాళికలు. అది చూసే ఇంట్లో అలాంటి పరికరం, అంటే సెల్, కట్టుకున్నాను. నాలుగేళ్లలో మగ్గు తప్ప అన్నీ మార్చాను. ఈ సెల్ మంచి చెడ్డలన్నీ ధన ఎలక్ట్రోడు (బ్యాటరీ ప్లస్ కొనకు కలిపిన, ఆక్సిజన్ పుట్టే కడ్డీ) మీదే ఆధారపడి ఉంటాయని నా అనుభవం.

మొదట పాత టార్చి సెల్లుల్లోని కార్బన్ కడ్డీలు వాడాను. కాసేపు చక్కగా పనిచేశాయి. తర్వాత ధన ఎలక్ట్రోడు నుంచి నల్లటి నుసి రాలి మగ్గు అడుగున పేరుకునేది. హైడ్రోజన్ 20 మిల్లీలీటర్లు చేరేసరికి ఆక్సిజన్ 10 ఉండాలి, నాకు 7 దాటేది కాదు. "పుస్తకంలో సగం అని ఉంది కదా సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్న. పుట్టిన ఆక్సిజన్‌లో కొంత ఆ కార్బన్‌తోనే కలిసిపోతుంది, కొంత నీటిలో కరుగుతుంది. నీటిలో కరిగేదేదో ముందే కరగాలని ఇప్పుడు నాళికలు పెట్టకుండా సెల్‌ను పది నిమిషాలు నడిపి, ఆ తర్వాతే కొలత మొదలుపెడతాను.

తర్వాత స్టీలు చెంచాలు, ఉప్పునీళ్లు ప్రయత్నించాను. దయచేసి మీరు ఆ పని చేయకండి. గది నిండా బ్లీచింగ్ పొడి వాసన వచ్చింది, అది క్లోరిన్. నీళ్లు పసుపుపచ్చగా మారి అడుగున బురద దిగింది. స్టీలులోని క్రోమియం కరిగితే విషపూరితమైన లవణాలు ఏర్పడే ప్రమాదం ఉంది.

మూడేళ్లుగా నికెల్ పట్టీలు, చాకలి సోడా ద్రావణం వాడుతున్నాను. నుసి లేదు, వాసన లేదు. అయితే నికెల్ అని అమ్మేవాటిలో పైపూత వేసిన ఇనుము చాలా ఉంది. అయస్కాంతం రెండింటికీ అంటుకుంటుంది కాబట్టి దానితో తేల్చలేం. పట్టీని గీరి ఉప్పునీటిలో రాత్రంతా ఉంచండి, తుప్పు పడితే పూతే. ఒక విషయం: నికెల్‌కు ఆమ్లం పడదు, నీటిలో కరెంటు బాగా పారడానికి పుస్తకంలో చెప్పిన సల్ఫ్యూరిక్ ఆమ్లం ఇందులో వేయకూడదు.

బోరు నీళ్లు పోస్తే తెల్లటి తెట్టు కడుతుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. బిరడాల దగ్గర కారిన ద్రావణం వల్ల కింది రాగి తీగ పచ్చగా చిలుము పట్టి తెగిపోయింది. అప్పటి నుంచి బెజ్జాలు మూసేసి, పట్టీలను మగ్గు అంచు మీదుగా లోపలికి దించి, కొసలను నాళికల్లోకి పైకి వంచాను. నాళిక బయట ఉండే భాగానికి ప్లాస్టిక్ తొడుగు వేశాను. లేకపోతే బుడగలు పక్కకు పోయి కొలత తప్పుతుంది.

ఎంత వాయువు వస్తుంది? 1 ఆంపియర్ కరెంటుకు నిమిషానికి సుమారు 7.5 మిల్లీలీటర్ల హైడ్రోజన్. గంటకు అర లీటరు కూడా రాదు. దీనితో బండి నడపవచ్చా అని అడిగేవారికి ఈ అంకే చెబుతాను. పైగా పెట్టిన విద్యుత్తు కంటే తక్కువ శక్తే తిరిగి వస్తుంది.

భద్రత విషయంలో మాత్రం నేను రాజీపడను. గాలిలో హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. రెండు వాయువులను ఒకే పాత్రలో పట్టకూడదు, సీసాలో మూతపెట్టి నిల్వ చేయకూడదు. పరీక్షనాళికను మించిన పాత్ర వద్దు. రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీలు తెరిచి, హైడ్రోజన్‌ను పెద్దవాళ్లే వెలిగించాలి.

పోయిన వారం తరగతిలో కొలిస్తే హైడ్రోజన్ 20, ఆక్సిజన్ 10కి ఒక గీత తక్కువ. వెలిగించిన అగ్గిపుల్ల దగ్గరికి తేగానే హైడ్రోజన్ నాళిక 'టప్'మంది. వెనక బెంచీ వాళ్లు ముందుకు వచ్చి మళ్లీ చేయమన్నారు.