వీపు మీద ఎవరి రాత: షాట్ పర్ఫెక్టో 618 లెదర్ జాకెట్ రివ్యూ

నల్ల లెదర్ జాకెట్‌కి వీపే పలక. బైకర్ క్లబ్బుల్లో ఆ పలక మీద క్లబ్బు పేరూ గుర్తూ ఉంటాయి. అవుట్‌లా క్లబ్బుల్లో, అంటే మామూలు బైకర్ సంఘాల నియమాలకి లొంగని క్లబ్బుల్లో, ఆడవాళ్లకి సభ్యత్వమే ఉండదు. కొన్నిటిలో వాళ్ల వీపున కనిపించేది "ఫలానా వాడి సొత్తు" అనే పట్టీ. 1970ల్లో పంక్ అనే తిరుగుబాటు రాక్ సంగీతం వచ్చాక అదే జాకెట్ వీపు మీద ఎవరికి తోచింది వాళ్లు తమ చేత్తో రాసుకోవడం మొదలైంది.

బ్రిటిష్ కవయిత్రి జూల్స్ డెన్బీ ఈ రెండు లోకాల్లోనూ బతికిన మనిషి. 1955లో పుట్టారు. 19 ఏళ్లకే ఒక బైకర్‌ని పెళ్లాడి ఆ లోకంలోకి వెళ్లారు. దాన్నుంచి బయటికొచ్చి, బ్రాడ్‌ఫర్డ్ ఊళ్లో పంక్ బృందాల మధ్య స్టేజీ ఎక్కి కవిత్వం చదివారు. న్యూ మోడల్ ఆర్మీ అనే రాక్ బృందానికి మొదట్లో మేనేజరు ఆవిడే. వాళ్ల ఆల్బమ్‌ల అట్టల మీద బొమ్మలూ ఆవిడవే. బైకర్ల మధ్య బతికిన ఒక స్త్రీ గురించి ఆవిడ రాసిన నవల 2005లో, స్త్రీలు రాసిన నవలలకిచ్చే ఆరెంజ్ ప్రైజ్ తుది జాబితాకి చేరింది. అలాంటి దారి నచ్చి, బండీ నడుపుతూ మైకూ పట్టుకునే అమ్మాయిలు జాకెట్ కొనాలనుకుంటే ముందుగా చూడాల్సింది షాట్ కంపెనీ పర్ఫెక్టో 618. ఖరీదు ఎక్కువే. అయినా ఇందులో అలంకారానికి పెట్టిన ముక్క దాదాపు లేదు.

పర్ఫెక్టో 1928 నాటిది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో ఒక హార్లీ-డేవిడ్సన్ బైకుల డీలర్ కోసం కంపెనీ స్థాపకుల్లో ఒకడైన ఇర్వింగ్ షాట్ కుట్టించాడు. అప్పటి ధర 5 డాలర్ల 50 సెంట్లు. ఆయనకిష్టమైన చుట్ట పేరే దీనికి పెట్టాడు. 613 మోడల్‌కి భుజం పట్టీల మీద నక్షత్రాలుంటాయి, 618కి ఉండవు. రాసుకునే ఆలోచన ఉన్నవాళ్లకి ఈ బోసిదే మంచిది.

జిప్పు మధ్యలో కాకుండా పక్కకి ఎందుకుందో బండి మీద కూర్చుంటే అర్థమవుతుంది. ట్యాంకు మీదికి వంగినప్పుడు మధ్య జిప్పు పొట్ట దగ్గర ఉబ్బి గడ్డానికి తగులుతుంది. ఇది పక్కకి మడుస్తుంది. పైగా ఛాతీ మీద రెండు పొరలు పడి గాలి దూరదు. కాలర్ మడతలకి ప్రెస్ బటన్లు ఉన్నది అవి గాలికి మొహానికి కొట్టుకోకుండా. ముంజేతి జిప్పులు గ్లోవ్స్ మీద బిగించుకోవడానికి. ముందు పక్కన ఉన్న బుల్లి మూత జేబు చిల్లర కోసం. వీపున భుజాల వెనక రెండు మడతలుంటాయి. చేతులు ముందుకి చాపితే విచ్చుకుంటాయి, దించితే మూసుకుంటాయి. పొట్టిగా నడుము దగ్గరే ఆగడం కూడా కూర్చున్నప్పుడు పైకి తన్నకుండా ఉండటానికే. బెల్టు బకిల్ ఒక్కటే ఇబ్బంది: ట్యాంకు పెయింటు గీసేస్తుంది. బండి నడిపేటప్పుడు బకిల్‌ని వెనక్కి తిప్పి పెట్టుకోవాలి.

అమ్మాయిలు సైజు దగ్గరే ఎక్కువ మోసపోతారు. 618 మగవాళ్ల కొలత. భుజానికి చూసి తీసుకుంటే తుంటి దగ్గర జిప్పు పడదు, తుంటికి చూసి తీసుకుంటే భుజాలు జారతాయి. టీషర్టు మీద ఛాతీ చుట్టూ అత్యంత వెడల్పైన చోట, తర్వాత తుంటి ఎముక మీద, రెండు కొలతలూ తీసుకోండి. తుంటి కొలత ఛాతీ కంటే 4 అంగుళాలు దాటి ఎక్కువుంటే 618 వదిలేసి, అదే కంపెనీ స్త్రీల కోసం కత్తిరించే మోడళ్లు చూడండి. వేసుకున్నాక నిలబడి అద్దంలో చూసుకుంటే చాలదు. జిప్పు మెడదాకా వేసి, కుర్చీలో కూర్చుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాపండి. మణికట్టు కప్పి ఉండాలి, చంకలో లాగకూడదు. చేతులు దించినప్పుడు బొటనవేలి మొదలు దాకా జాకెట్ చెయ్యి వచ్చిందని కంగారు పడొద్దు, బండి కోసం అలాగే కుడతారు. దర్జీ దగ్గరికి తీసుకెళ్లి జాకెట్ చేతులు కురచ చేయించడం పెద్ద పొరపాటు. జిప్పు తీసి మళ్లీ వేయాలి, విప్పిన కుట్టు చిల్లులు కనబడుతూనే ఉంటాయి.

తోలు మందంగా, మొదట్లో రేకులా ఉంటుంది. 20, 30 సార్లు వేసుకుంటే గానీ మోచేతుల దగ్గర దారికి రాదు. తొందరపడి నీళ్లలో నానబెట్టేవాళ్లున్నారు, నూనె పట్టించేవాళ్లున్నారు. నానితే లైనింగ్ ఒకలా, తోలు ఒకలా ముడుచుకుంటాయి. నూనె ఎక్కువైతే కుట్లు వదులై పెయింటు పట్టదు.

ఇక మైకు. నోటి ముందు స్టాండ్ మైకు పెట్టుకుంటే బకిల్ ఇనప గొట్టానికి తగిలి టింగుమంటుంది, జిప్పు లాగుళ్లు గలగలమంటాయి. చదివే ముందు బెల్టు రెండు కొసల్నీ పక్క జేబుల్లో కుక్కి జిప్పులు వేసేయాలి. కాలర్‌కి గుచ్చే చిన్న మైకు మాత్రం అసలు వద్దు. ఊపిరి పీల్చిన ప్రతిసారీ తోలు కిర్రుమనే చప్పుడు నేరుగా అందులోకి పోతుంది. లోపలి జేబులో నాలుగు మడతల కాగితం పడుతుంది, నోటు పుస్తకం పట్టదు. చెయ్యెత్తి చదివే అలవాటుంటే నడుము పైకి లేస్తుంది కాబట్టి లోపల పొడుగు టీషర్టు వేసుకోండి.

బండి మీద రక్షణ సంగతి సూటిగా చెప్పాలి. తోలు రోడ్డు మీద ఒరుసుకోవడాన్ని బాగా తట్టుకుంటుంది, దెబ్బని ఆపదు. భుజం, మోచెయ్యి, వెన్ను దగ్గర ప్యాడ్లూ లేవు, వాటికి జేబులూ లేవు. రోజూ హైవే మీద తిరిగేవాళ్లు లోపల ప్యాడ్లున్న ఆర్మర్ షర్టు వేసుకోవాలి. దానికోసం ఒక సైజు పెద్దది తీసుకోవాలి.

వీపు మీద రాయడానికి ఓపిక కావాలి. దూదికి అసిటోన్ తడిపి, రాయబోయే చోటే మెరుపు పోయేదాకా తుడవండి. ఇది వదిలేస్తే నెల తిరక్కుండా పెయింటు పొలుసులుగా లేస్తుంది. పావుగంట ఆరనిచ్చి సుద్దతో గీసుకోండి. తోలు కోసం చేసిన అక్రిలిక్ రంగే వాడాలి. తలుపులకి వేసే ఎనామిల్ గట్టిపడి మడత దగ్గర చిట్లుతుంది. నలుపు మీద తెలుపు నిలవాలంటే నీళ్లలా పల్చటి పూతలు నాలుగైదు కావాలి, పూతకీ పూతకీ మధ్య 20 నిమిషాలు. ఎరుపు కావాలన్నా కింద తెలుపు పడాల్సిందే. ఒకరోజు ఆగి పైన ఫినిషర్, అంటే రంగుని కాపాడే పారదర్శక పూత, రెండుసార్లు. భుజాల వెనక మడతల మీదికి మాత్రం అక్షరం పోకూడదు, చెయ్యి చాపిన ప్రతిసారీ అక్కడ విరుగుతుంది.

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో లెక్క ఉంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకే వరసలో నిలబడతాయి. మన "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికే పైన గుడి దీర్ఘం, కింద త ఒత్తు, ర ఒత్తు. మొత్తం ఎత్తు 5 సెంటీమీటర్లకి తగ్గితే ఒత్తుల్లో ఖాళీలు పూడిపోయి మచ్చలా కనిపిస్తాయి. వరసల మధ్య ఇంకో 2 సెంటీమీటర్లు వదలాలి. ఈ లెక్కన వీపున కొద్దిపాటి కురచ వరసలకే చోటు. పద్యం పట్టదు, పాదం పడుతుంది.

స్టడ్లు, అంటే అలంకారానికి గుచ్చే లోహపు బొడిపెలు, కొట్టేటప్పుడు లైనింగ్‌తో కలిపి గుచ్చేస్తుంటారు. వంచిన కొసలు చొక్కాని గీరుతాయి, మెత్త లైనింగ్ చిరుగుతుంది. కింద అంచు దగ్గర లైనింగ్ కుట్టు ఒక జానెడు విప్పి, లోపలి నుంచి చెయ్యి దూర్చి కొసలు వంచి, మళ్లీ కుట్టాలి. కాలర్, భుజం పట్టీలు రెండు పొరలు కాబట్టి అక్కడ స్క్రూ స్టడ్లే ఆగుతాయి.

మన ఎండల్లో దీన్ని వేసుకునే రోజులు తక్కువ. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి పొద్దుటిపూటలు, అరకు లాంటి చోట్లు. మిగతా కాలమంతా దాచడమే పని, అందులో వానాకాలం బూజు అసలు శత్రువు. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో పడేస్తే తెల్లగా బూజు పడుతుంది. వెడల్పు హ్యాంగరుకి తగిలించి, పాత నూలు చీర కప్పి, రెండు వారాలకోసారి ఫ్యాను గాలికి పెట్టండి. బూజు కనిపిస్తే పొడి గుడ్డతో ఆరుబయట తుడిచి, నీడలో ఆరనివ్వాలి. ఎండలో వేస్తే తోలు బిరుసెక్కుతుంది.

కొత్తది 800 డాలర్ల పైమాటే. ఇండియాకి తెప్పిస్తే కస్టమ్స్ అదనం. ఫ్యాక్టరీ న్యూజెర్సీలోని యూనియన్‌లో ఉంది, అదే రాష్ట్రంలోని ఎడిసన్ ఊరి తెలుగువాళ్లకి కారులో దగ్గరే. కాబట్టి అక్కడున్న అక్కో బావో వేసి చూసి, వచ్చేటప్పుడు తెస్తే సైజు తిప్పి పంపే బాధ తప్పుతుంది.

సెకండ్‌హ్యాండ్ తీసుకుంటే చంకలో లైనింగ్, జిప్పు పక్క గుడ్డ చూడండి. మోచెయ్యి మడిచి పొడి రాలుతోందేమో చూడండి. తర్వాత వీపుని కిటికీ దగ్గర ఏటవాలు వెలుగులో పట్టుకోండి. తుడిపేసిన పెయింటు నీడలా కనిపిస్తుంది, దాని మీద కొత్త రంగు వేసుకోవచ్చు. కుట్టి విప్పేసిన పట్టీ సూది చిల్లులు మాత్రం ఎన్ని పూతలేసినా పూడవు. అవి వంపు తిరిగి పైనొకటి, కిందొకటి, మధ్యలో గుండ్రంగా ఒకటి ఉన్నాయంటే అక్కడ ఒకప్పుడు క్లబ్బు పట్టీ ఉండేదన్నమాట. అదే ఆకారంలో మళ్లీ పట్టీలు కుట్టి బైకర్ల మధ్యకి వెళ్లొద్దు, క్లబ్బులు దాన్ని తేలిగ్గా తీసుకోవు. ఆ చిల్లుల మీదుగానే అక్షరాలు గీసుకుంటే సరిపోతుంది.